సరంగు ఆల్ఫ్ భుజం నొప్పి

చలి సముద్రం ఒడ్డునున్న మా సెల్బీ కోవ్‌లో ఆల్ఫియస్ రైడవుట్‌ను పూర్తి పేరు పెట్టి పిలిచేది పాస్టరుగారు ఒక్కరే. మిగతా అందరికీ సరంగు ఆల్ఫ్. ముప్పై అయిదు అడుగుల పడవ మీద ఏళ్ల తరబడి కాడ్ చేపలు పట్టాడు. ఆ వేట ఆగిపోయాక పీతలు పట్టాడు. అరవై అయిదో ఏట పడవ అమ్మేసి ఒడ్డున కూర్చున్నాడు. పొట్టి మనిషి. భుజాలు ఎంత వెడల్పంటే మెడ ఉన్నట్టే కనిపించదు. మాట తక్కువ.

ఆయన ఓర్పు గురించి ఊళ్లో రెండు కథలు తిరిగేవి. ఒకటి, గాలం ముల్లు అరచేతిలో దిగబడితే పటకారుతో తుంచి, అవతలి వైపు నుంచి లాగేసి, గుడ్డ చుట్టుకుని, మిగతా వలలన్నీ లాగిన తర్వాతే ఇంటికొచ్చాడని. రెండోది, మంచు మీద జారి పక్కటెముక విరిగితే పదకొండు రోజుల దాకా భార్యకు కూడా చెప్పలేదని. ఈ రెండో కథ విని అందరూ నవ్వితే ఆయన భార్య ఎఫీ మాత్రం నవ్వేది కాదు. "పదకొండు రోజులు నా పక్కన పడుకుని ఊపిరి బిగబట్టాడు. అదేం గొప్ప?" అనేది.

నేను, వినీని, వాళ్ల పక్కింట్లో ఉంటాను. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. ఎఫీ, నేను రోజూ కలిసి టీ తాగుతాం, ఒక రోజు వాళ్ల వంటింట్లో, ఒక రోజు మా వంటింట్లో. కాబట్టి నేను చెప్పబోయే దాంట్లో కొంత కళ్లారా చూసింది, ఎక్కువ భాగం ఎఫీ చెప్పింది, కాస్త ఆల్ఫే తర్వాత చెప్పింది.

మూడు చలికాలాలుగా ఆల్ఫ్ ఆదివారం భోజనం కాగానే షెడ్డులోకి వెళ్లిపోతుండేవాడు. ఉప్పు చేప, నానబెట్టి ఉడికించిన గట్టి రొట్టె, వాటి మీద కరకరలాడే పందికొవ్వు ముక్కలు, ఆ కొవ్వు నెయ్యిలా పోసుకుని తినడం ఆయనకు ప్రాణం. తిన్న గంటకి "వలలు చూసొస్తా" అనేవాడు. అమ్మిన పడవకి వలలేంటని ఎఫీకి తట్టలేదు. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆమె టీకి పిలుద్దామని షెడ్డుకి వెళ్తే మనిషి పాత వలల కుప్ప మీద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట. పక్కన వాంతి.

"ఏమైంది?"

"ఏం లేదు. గాలి పట్టింది."

"మూడేళ్లుగా పట్టిన గాలేనా?"

ఎఫీ నన్ను కేకేసింది. నేను కారు తీశాను. క్లినిక్ నుంచి పట్నం పంపారు, అక్కడ స్కానింగ్ తీశారు. పిత్తాశయం నిండా రాళ్లు. ల్యాప్రోస్కోపీ చేసి తీసేయాలన్నారు.

"నాలుగే చిన్న రంధ్రాలు," అన్నాడు సర్జను. "లోపల చోటు కావాలి కాబట్టి పొట్టలోకి గ్యాస్ నింపి ఉబ్బిస్తాం. అంతా సరిగ్గా ఉంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు."

"చేప పొట్ట చీరినంత పని కూడా లేదన్నమాట," అన్నాడు ఆల్ఫ్.

"చేప మర్నాడు లేచి నడవక్కర్లేదు. మీరు నడవాలి."

నవంబరు మొదటి మంగళవారం ఆపరేషన్ అయింది. సాయంత్రం పంపించే ముందు కళ్లజోడు పెట్టుకున్న ఒక నర్సమ్మ వచ్చి ఆయన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నొప్పి పదికి ఎంత ఉంది?"

"రెండు."

"లేచి నిలబడేటప్పుడు మొహం సున్నం కొట్టినట్టైంది. రెండేనా?"

"రెండే."

ఆ పిల్ల ఎఫీ వైపు తిరిగింది. అర్థమైనట్టుంది, ఇక ఎవరితో మాట్లాడాలో. "అమ్మా, నొప్పి ముదిరాక మాత్ర వేస్తే దాన్ని దించడం కష్టం. ముదరకముందే వేయాలి. ఈ రెండు రకాలూ మూడు రోజుల పాటు వేళ తప్పకుండా, ఆయన వద్దన్నా సరే. ఈ చిన్న సీసాలో ఆరు గట్టి మాత్రలున్నాయి. మొదటివాటికి లొంగకపోతేనే ఒకటి. అవి మలబద్ధకం తెస్తాయి, నీళ్లు బాగా తాగించండి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకి అదుముకోవాలి. గంటకోసారి లేచి నడవాలి. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్టలో నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే ఫోన్ చేయండి. మిగతావన్నీ ఈ కాగితంలో ఉన్నాయి."

ఆ కాగితం ఎఫీ నాకిచ్చింది. నేను దాన్ని కారులో అద్దం కింద అరలో పెట్టాను. అక్కడే మర్చిపోయాను.

ఇంటికి రెండు గంటల దారి. మంచుకి పగిలిన రోడ్డు. సీటు బెల్టుకి, పొట్టకి మధ్య దిండు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు ఆల్ఫ్. ఎంత జాగ్రత్తగా నడిపినా అయిదారు గుంతల్లో చక్రం పడనే పడింది.

"వినీ, ఆ ఎడమ పక్క గుంత వదిలేశావు. పాపం, వెనక్కి వెళ్లి దానిమీంచి కూడా పోనివ్వు," అన్నాడు.

వెనక సీట్లో ఎఫీ నవ్వింది. ఆమె నవ్వు విని ఆయనకీ నవ్వొచ్చింది, ఆ నవ్వు పొట్టలో కుట్ల దగ్గర పట్టుకుంది. దిండుని కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇంటి దగ్గర ఎఫీ వేళకి మాత్రలిచ్చింది. ఆయన నోట్లో వేసుకున్నాడు, నీళ్లు తాగాడు, ఆమె అటు తిరగ్గానే తీసి స్వెట్టరు జేబులో పెట్టుకున్నాడు. ఎందుకలా చేశావని చాలా రోజుల తర్వాత అడిగాను. "నొప్పి కనిపిస్తుంటే ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది వినీ. మాత్రతో కప్పేస్తే పొగమంచులో పడవ నడిపినట్టే. ఎటునుంచి వచ్చి గుద్దుతుందో తెలీదు," అన్నాడు. అది మొండితనం అనుకున్నాను గాని, వింటుంటే ఆయన లెక్క ఆయనకుందనిపించింది.

కానీ ఆ లెక్క తప్పింది. నొప్పికి లోతుగా ఊపిరి తీయలేకపోయాడు. లేవలేకపోయాడు కాబట్టి నడవనూ లేదు. బుధవారమంతా కిటికీ పక్క కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. ఎఫీ వచ్చి "పదికెంత?" అన్నప్పుడల్లా "రెండు" అన్నాడు.

గురువారం పొద్దున టీ తాగుతుండగా కుడి భుజం మీద ఎవరో కొక్కెం తగిలించి పైకి లాగినట్టనిపించింది. కప్పు కింద పెట్టాడు. పొట్ట నొప్పి తనకి తెలుసు, కోశారు కాబట్టి నొప్పి. భుజాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి ఆ సలుపు మెడలోకి పాకింది.

ఆల్ఫ్ తండ్రి అజరయా అరవై ఒకటో ఏట గుండె ఆగి పడవలోనే పోయాడు. అప్పుడు వలకి రెండో చివర ఉన్నది పంతొమ్మిదేళ్ల ఆల్ఫే. "భుజం పట్టేసింది, నువ్వు లాగుతుండు" అని తండ్రి పడవలోని అడ్డపలక మీద కూర్చున్నాడు. వల పైకొచ్చేసరికి మనిషి లేడు. ఆ సంగతి ఆల్ఫ్ ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఇప్పుడు భుజం మీద చెయ్యి వేసుకుని, ఓహో, నా వంతు వచ్చిందన్నమాట అనుకున్నాడు.

బయట ఈశాన్యపు గాలి, మంచుతో కలిసిన వాన. అంబులెన్సు రావాలంటే రెండు గంటలు. ఎఫీ కంగారు పడటం, నేను కారు తీయడం, జారే రోడ్డు మీద సగం దారిలో పోవడం, అదంతా ఎందుకనుకున్నాడు. ఇంట్లోనే, కుర్చీలోనే కానిద్దాం అని నిశ్చయించుకున్నాడు. భయం వేయలేదా అని తర్వాత నేనడిగితే, "వేసింది. కానీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ముందు అవి కానివ్వాలనిపించింది," అన్నాడు.

ఎఫీ రొట్టె పిండి పిసుకుతోంది.

"ఎఫీ, ఇలా వచ్చి కూర్చో."

"చేతుల నిండా పిండి."

"ఉండనీ. రా."

ఆమె వచ్చి కూర్చుంది. బావి పంపు వాల్వు వసారా కింద మూడో చెక్క ఎత్తితే కనిపిస్తుందని చెప్పాడు. పొగగొట్టం బ్రష్షు షెడ్డు అటక మీద ఉందని చెప్పాడు. మంచు తోసే యంత్రం చోకు సగమే లాగాలి, పూర్తిగా లాగితే మొరాయిస్తుంది. షెడ్డులో ఉన్న రంపం రేవు దారిలో ఉండే కెల్లోవేది, అడిగి తెచ్చి ఆరేళ్లయింది, ఇచ్చేయ్.

"ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"తెలిసుండాలి కదా."

మత్తుమందు ఇంకా దిగలేదేమోనని ఎఫీ అనుకుంది. లేవబోయింది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు. "తొంభై రెండులో ఆ కవరు నేను పోస్టు చెయ్యలేదు."

"ఏ కవరు?"

"డల్సీ పంపిన కాగితాలు. బేకరీవి."

ఆ ఏడు జూలైలో, చేపలు అంతరించిపోతున్నాయని, ప్రభుత్వం కాడ్ వేట ఆపేసింది. పడవలతో పాటు, ఎఫీ పనిచేసే చేపల ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఎఫీ చెల్లెలు డల్సీ దూరాన ఉన్న నగరం బ్రాంప్టన్‌లో పెద్ద బేకరీలో పని చేసేది. ఇద్దరికీ పని దొరుకుతుంది రమ్మని దరఖాస్తు కాగితాలు పంపింది. ఎఫీ ఏడో తరగతి మధ్యలో బడి మానేసి చేపలు కోయడానికి వెళ్లిన మనిషి. మూడు రోజులు కూర్చుని, ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, తర్వాత ఇంకుతో రెండు దరఖాస్తులూ నింపింది. కవరు అంటించి పోస్టు చేయమని ఆల్ఫ్ చేతికిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని రేవు చివరిదాకా వెళ్లి, చాలాసేపు నిలబడి, నాలుగు ముక్కలు చేసి నీళ్లలో వదిలాడు.

క్రిస్మస్ నాటికి జవాబు లేదు. "మనం వాళ్లకి పనికిరామేమో," అన్నాడు ఆల్ఫ్. డల్సీని అడిగితే, వందల కొద్దీ దరఖాస్తులు వచ్చాయట, ఏరుకుని తీసుకున్నారట అంది. ఏరుకుని తీసుకున్నారు అన్న ఆ మాట ఎఫీలో గుచ్చుకుంది. తన రాత చూసి పక్కన పడేశారనుకుంది. ఆ తర్వాత ఆమె మళ్లీ ఏ కాగితమూ తన చేత్తో నింపలేదు. నేనిక్కడికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లు. పెన్షన్ కాగితమైనా, జనాభా లెక్కల కాగితమైనా నా దగ్గరికే తెచ్చేది. "నా రాత ఎవరూ చదవలేరు వినీ, నువ్వే రాసిపెట్టు." నిజమే కాబోలనుకుని రాసిపెట్టేదాన్ని. ఆమె రాత ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"నీ రాత వాళ్లెవరూ చూడనే లేదు," అన్నాడు ఆల్ఫ్.

ఎఫీ వేళ్ల మధ్య ఎండిపోయిన పిండిని గోటితో గీకుతూ కూర్చుంది. "ఎందుకు చేశావు?"

"పడవ వదిలి బతకలేననిపించింది. నీతో ఆ మాట అనలేక."

"అనలేక," అంది ఆమె.

ఒళ్లో రాలిన పిండి దులుపుకుని, "ముప్పై రెండేళ్లు నోరు మూసుకుని ఇవాళెందుకు చెప్పావు?" అంది.

ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. ఎఫీ అది చూసింది.

"ఆ చెయ్యి అక్కడెందుకుంది?"

"మా నాన్నకొచ్చినట్టే వచ్చింది."

పిండి చేతుల్తోనే ఫోన్ తీసింది. ముందు క్లినిక్‌కి, తర్వాత నాకు. క్లినిక్ నర్సు రొవీనా పది నిమిషాల్లో వచ్చింది. నేను అప్పటికే అక్కడున్నాను. రొవీనా ఛాతీ బిగిసినట్టుందా, ఆయాసముందా, చెమటలు పట్టాయా అని అడుగుతూనే బీపీ చూసింది, చిన్న యంత్రం తగిలించి గుండె కొట్టుకునే తీరు కాగితం మీద గీయించింది. సోఫాలో వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఇప్పుడెలా ఉంది?"

"తగ్గింది," అన్నాడు ఆల్ఫ్, తనకే ఆశ్చర్యంగా.

"కూర్చోండి. ఇప్పుడు?"

"మళ్లీ వచ్చింది."

రొవీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరంగూ, నీ గుండె నా గుండె కన్నా బాగుంది. ఇది గ్యాస్. ఆపరేషన్‌కి పొట్టలో నింపింది కొంత లోపలే ఉండిపోతుంది. కూర్చుంటే పైకి వెళ్లి ఊపిరితిత్తుల కింది పొరకి ఆనుతుంది. ఆ పొర నరమూ భుజం నరమూ ఒక్కచోట కలుస్తాయి. అందుకని కింద ఒత్తుకుంటే పైన నొప్పి పుడుతుంది. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, నడిస్తే ఇంకా తొందరగా పోతుంది. ఆసుపత్రి కాగితంలో ఉంటుందే, చదవలేదా?"

నేను నేల చూపులు చూశాను. కాగితం నా కారులో ఉంది.

"మాత్రలు వేళకి వేసుకుంటున్నావా?"

ఆల్ఫ్ మెల్లగా స్వెట్టరు జేబులో చెయ్యి పెట్టి, నూలు పోగులు అంటుకున్న మాత్రలు గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు. రొవీనా వాటిని చూసింది. ఎఫీ వాటినీ చూసింది, ఆయన్నీ చూసింది.

"గుండె అనుకుని ఎప్పట్నుంచి కూర్చున్నావు?" అంది రొవీనా.

"పొద్దుట్నుంచి."

"నిజంగా గుండే అయ్యుంటే? ఇంకోసారి భుజం పట్టినా, ఛాతీ పట్టినా, ముందు ఫోన్. అది గ్యాసో కాదో నేను చెప్తాను, నువ్వు కాదు."

"ఆయనకి ఫోన్ చేసే తీరిక ఎక్కడిది," అంది ఎఫీ. "పంపు వాల్వు ఎక్కడుందో చెప్పాలి కదా."

ఆ పూట ఎఫీ నోట్లోంచి వచ్చిన చివరి మాట అదే. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఆల్ఫ్‌తో మాట్లాడలేదు. కానీ పని ఒక్కటి మానలేదు. గడియారం మోగగానే మాత్రలు తెచ్చి, ఆయన మింగాక నాలుక ఎత్తమని వేలితో సైగ చేసి చూసేది. గోధుమలు నింపిన గుడ్డసంచి వేడి చేసి భుజం మీద పెట్టేది. పుదీనా టీ, ఉడికించిన చేప, కాల్చిన రొట్టె, అన్నీ బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టేది. గంటకోసారి ఆయన బూట్లు తెచ్చి కాళ్ల ముందు పడేసేది. అంటే నడవమని.

కోపం మీద ఉన్న మనిషి చేత సేవ చేయించుకోవడం అన్నిటికన్నా కష్టమని ఆల్ఫ్ తర్వాత అన్నాడు. ఎఫీ అయితే వేరేలా చెప్పింది. "అరిచి తిట్టాలనుంది వినీ. కుట్లతో ఉన్న మనిషిని ఎలా తిట్టను? మానితే గాని తిట్టడానికి లేదు. అందుకే తొందరగా మాన్పుదామనుకున్నా."

మొదటి రోజు గేటు దాకా నడిచారు. రెండో రోజు చర్చి హాలు దాకా. ఆమె పది అడుగులు ముందు, ఆయన కోటు లోపల దిండు పెట్టుకుని వెనక. శనివారం రేవు దాకా వెళ్తుంటే కెల్లోవే తన గేటు దగ్గర నిలబడి కేకేశాడు.

"ఎన్నో నెల సరంగూ?"

ఆల్ఫ్‌కి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని రోడ్డు మధ్య వంగిపోయాడు. ఎఫీ గిరుక్కున వెనక్కి వచ్చి, రెండు చేతులూ దిండు మీద పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంది. నవ్వు తగ్గేదాకా అలాగే పట్టుకుంది. తర్వాత చేతులు తీయకుండానే అడిగింది.

"పదికెంత?"

"రె..." అని ఆగాడు. "ఆరు. నిన్న ఎనిమిది. బుధవారం నువ్వడిగినప్పుడు తొమ్మిది."

"జవాబు రాలేదని తెలిశాక నేను గిన్నెల తొట్టి దగ్గర నిలబడి ఏడ్చాను. గుర్తుందా?"

"ఉంది."

"నాకెంతని అడిగావా?"

"లేదు."

"అడుగు."

"ఎంత?"

"ఇప్పుడు చెప్పను," అంది ఎఫీ. "ఇంటికి పద. ఆ గట్టి మాత్ర ఒకటి వేసుకుని పడుకో. పొద్దుట్నుంచి పళ్లు బిగబట్టుకునే ఉన్నావు."

ఆ మధ్యాహ్నం ఆయన మాత్ర వేసుకుని నాలుగు గంటలు నిద్రపోయాడు. ఆపరేషన్ తర్వాత అంత నిద్ర అదే మొదలు. ఆదివారానికి భుజం నొప్పి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదట. కుట్ల నొప్పి ఇంకో వారం ఉంది, రోజుకి కాస్త చొప్పున తగ్గింది. సీసాలో మిగిలిన అయిదు గట్టి మాత్రలు రొవీనాకి తిరిగిచ్చేశారు. నెల తిరిగేసరికి కట్టెలు మోసే పని ఎఫీ దగ్గర్నుంచి మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడు.

తిట్టాల్సిన తిట్లు ఎఫీ తిట్టిందా లేదా నాకు తెలీదు. డిసెంబరులో ఒక రోజు మా వంటింట్లో కూర్చుని మాత్రం ఒక మాట అంది. "ఆయన మీద కోపం పోలేదు వినీ. కానీ ఇన్నేళ్లూ నా మీద నాకున్న కోపం పోయింది. అది ఇంత బరువుందని పోయేదాకా తెలీలేదు."

మే నెలలో ఆరు వారాలకి డల్సీ దగ్గరికి బ్రాంప్టన్ వెళ్లింది. అన్నాళ్లు ఇల్లు వదిలి వెళ్లడం అదే మొదటిసారి. ఆల్ఫ్ బంగాళాదుంపలు మాడ్చుకుని తిన్నాడు, రోజూ సాయంత్రం ఫోన్ చేశాడు. జూన్ ఆఖరులో ఆమె తిరిగొచ్చే రోజు విమానాశ్రయానికి నాతో పాటు వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ముందు సీటు ఎఫీకి వదిలి తను వెనక కూర్చున్నాడు.

ఎఫీ చెల్లెలి ఇంటి గురించి, మనవళ్ల గురించి చెప్పింది. పాత బేకరీ ఎప్పుడో మూసేశారట, కట్టడం మాత్రం ఉందట. డల్సీ తీసుకెళ్లి చూపించిందట.

"ఎంత పెద్దది?" అన్నాడు ఆల్ఫ్ వెనకనుంచి.

"చాలా పెద్దది. పెద్ద పెద్ద కిటికీలు. లోపల వెలుతురు బాగుండేదట. డల్సీ పక్కనే నా బల్ల ఉండేదేమో." కాసేపు రోడ్డు చూసింది. "నాకు నచ్చేది, ఆల్ఫ్. ఇక్కడి కన్నా బాగుండేదని కాదు. కానీ నచ్చేది."

నాలుగైదు మైళ్లు పోయాయి. అప్పుడు వెనక సీట్లోంచి ఆయన, "నన్ను క్షమించు," అన్నాడు. నేను అద్దంలోకి చూడకుండా రోడ్డే చూశాను.

"ఏమన్నావు? వినపడలేదు," అంది ఎఫీ.

వినపడిందని నాకు తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది. అయినా ముందుకి వంగి, మరోసారి గట్టిగా చెప్పాడు.